ఆపా ఇంట్లో నా కాపలా

ఆపా పోయిందన్న మాట మాకు గాజులామె చెప్పింది. జర్మనీ యుద్ధం ముగిసిన తర్వాతి ఆషాఢం అది. కొత్తగా పెండ్లయిన మా చెల్లె పుట్టింటికి వచ్చి ఉంది. దానికి గాజులు వేయించాలని అమ్మ గాజులామెను పిలిచింది, నన్ను కూడా సైదాబాద్‌లోని అత్తగారింటి నుంచి రప్పించింది. గాజులామె చెల్లె చెయ్యి పిసుకుతూ, ఊసుపోక చెప్పినట్టే చెప్పింది.

"ఎరుకేనా అమ్మా, ఆ కుట్టుపని ఆపా పొద్దుగాల పోయిందట. నమాజు చదివి కూసున్నదట, కూసున్నది కూసున్నట్టే ఒరిగిపోయిందట."

చెల్లె చెయ్యి బిగుసుకుపోయింది. సగం ఎక్కిన గాజు అక్కడే ఆగింది. అమ్మ మాత్రం పచ్చగాజుల వరుస చూపించమని అడిగి, తర్వాత తీరిగ్గా అన్నది: "గంత సుఖంగ పోయిందా? గట్ల పోనీకి ఏం చేసుకున్నదో మరి." ఆపా బతికినన్నాళ్లూ అమ్మ ఆమెను అనుమానించింది. ఇప్పుడు చావును కూడా వదిలిపెట్టలేదు.

ఆమె పేరేమిటో మాకు తెలియదు. తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు కూడా. పిల్లలమైన మాకు ఆపా, అంటే అక్క; బాపుకు కుట్టుపని బీబీ, అమ్మకు కత్తెరామె. ధూల్‌పేట్‌లో మా ఇంటికి నాలుగు గల్లీల అవతల, వినాయకులను చేసేవాళ్లు మట్టి ఆరబోసే ఖాళీ జాగ దాటితే ఆమె ఇల్లు. దేవ్‌డీల్లో, అంటే నవాబుల పెద్ద ఇండ్లల్లో, పరదా చాటున ఉండే ఆడవాళ్లకు, వాళ్ల పిల్లలకు బట్టలు కుట్టేది. కుట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆమెకు పేరంతా బట్ట కోసే తీరుతో వచ్చింది. కత్తెర పెట్టేముందు కండ్లు మూసుకొని, చేతి వెనకవైపుతో బట్టను ఒకసారి నిమిరేది. నోట్లో నాలుగైదు గుండుసూదులు పట్టుకొనే మాట్లాడేది. అందుకని ఆమె కోపంగా ఉందో, నవ్వుతున్నదో ఎవరికీ తెలిసేది కాదు. "నోట్ల సూదులు పెట్టుకున్న మనిషి మాట ఎట్ల నమ్మాలె?" అనేది అమ్మ. అమ్మ అనుమానాల చిట్టాలో ఇది మొదటిది.

మమ్మల్ని ఆమె దగ్గరికి పంపింది బాపు. యుద్ధం ఇంకా మొదలు కాలేదు. నాకు పన్నెండేళ్లు, చెల్లెకు పది. చెల్లెను పంతులు బడి నుంచి వెనక్కి పంపేశాడు. ఏం అడిగినా అది వెంటనే చెప్పేది కాదు, తల ఎత్తి ఇంటి దూలాలు చూస్తూ నిలబడేది. "ఈ పిల్ల తలకాయకు ఏం ఎక్కదు సేటూ, ఇంట్ల పని నేర్పించుకోన్రి" అన్నాడు పంతులు. మా ఇంట్లో దాన్ని మొద్దు అనే పిలిచేవాళ్లం, ముద్దుగానే.

ఇక్కడ నా గురించి కూడా చెప్పుకోవాలి. నేను గడుసుదాన్ని. చెల్లెను ఎవరేం అడిగినా జవాబు నా నోట్లోంచి వచ్చేది. చుట్టాలు దాని పేరు అడిగితే నేను చెప్పేదాన్ని. ఆకలవుతున్నదా అని అమ్మ దాన్ని అడిగితే, అవుతున్నదని నేను అనేదాన్ని. అదంతా చెల్లె మీది ప్రేమే అనుకున్నాను. ఇంట్లోవాళ్లూ అట్లాగే అనుకున్నారు, పెద్దపిల్ల బంగారం అని మెచ్చుకున్నారు.

బాపుది చిన్న గుడ్డల దుకాణం. అస్తరు గుడ్డ కోసం ఆపా బురఖా వేసుకొని అక్కడికి వస్తుండేది. ఒకరోజు మాటల్లో బాపు చెల్లె సంగతి చెప్పి బాధపడ్డాడట. "పంపున్రి భాయ్, చూస్తా" అన్నదట ఆమె. అమ్మ ఆ మాట విన్న దగ్గర్నుంచి కుదురుగా కూచోలేదు. కోత తెలిసినవాళ్లు సొంత కోడళ్లకే చూపించకుండా తలుపేసుకొని కోస్తారని గల్లీ అంతటికీ తెలుసు. మరి ఈమెకు మా మొద్దుపిల్ల మీద ఇంత దయ ఎందుకు? ఏం కావాలి ఈమెకు?

అందుకని నన్ను కాపలా పెట్టింది. పొద్దున పనులయ్యాక ఇద్దరినీ పంపుతూ నాకు చెవిలో చెప్పింది: "ఆమె నోరు చూడకు, చేతులు చూడు. తిననీకి ఏమిచ్చినా ముట్టుకోకున్రి. నీళ్లు మన చెంబులయే తాగున్రి. ఇంటికి రాంగనే అన్నీ నాకు చెప్పాలె, ఒక్కటి ఇడిశిపెట్టొద్దు." నాకు చాలా గొప్పగా అనిపించింది. మూతపెట్టిన చెంబు పట్టుకొని, చెల్లెను ముందు నడిపించుకుంటూ పోయాను.

ఆపా ఆ చెంబును చూసింది. మర్నాటి నుంచి తఖ్త్ చివర, అంటే ఆమె కూచొని కోసే చెక్కబల్ల చివర, రెండు అరటిపండ్లో సీతాఫలాలో పెట్టి ఉండేవి. "తోలున్న పండుకు ఏం కాదంట గద, మీ అమ్మను అడుగు" అన్నది. అడిగాను. అమ్మ చాలాసేపు ఆలోచించి, తినొచ్చు అన్నది. తర్వాత ఇంకా ఎక్కువసేపు ఆలోచించి, "గంత ఆలోచించి పండు ఎందుకు పెడుతున్నది?" అన్నది.

మొదట్లో పాత ఉర్దూ అఖ్బారు కాయితాల మీద బొగ్గుతో గీతలు గీసి కోయించేది. చెల్లె చేతి మీద ఆమె చెయ్యి, రెండు చేతులకూ కలిపి ఒకటే కత్తెర. కొన్నాళ్లకు ఆమె చెయ్యి మణికట్టుకు జరిగింది. ఇంకొన్నాళ్లకు మోచేతి కింద ఒక్క వేలు మిగిలింది. ఆ తర్వాత ఆ వేలు కూడా లేదు. గీతలూ అంతే. మొదట నిండు గీత, తర్వాత ముక్కలు ముక్కల గీత, తర్వాత చుక్కలు. చివరికి మొదట్లో ఒక చుక్క, ఆఖర్న ఒక చుక్క.

నేను అన్నీ లెక్కగా అమ్మకు చేరవేశాను. "మొదట గీత మొత్తం గీస్తుండె. ఇప్పుడు చుక్కలే పెడుతున్నది."

అమ్మ తొడ చరిచింది. "నేను చెప్పలే? దాసుకుంటున్నది! రోజురోజుకింత దాసుకుంటున్నది!"

నాకూ అది నిజమే అనిపించింది. ఇచ్చింది తిరిగి తీసుకోవడం కాక అదేమిటి? ఇవాళ నాకొక కూతురుంది. దానికి నడక నేర్పుతూ ఒకరోజు నా వేలు విడిపించుకున్నప్పుడు ఆ చుక్కలు గుర్తొచ్చాయి.

ఆపాకు ఇంకో అలవాటు ఉండేది, అది నాకు అసలు నచ్చేది కాదు. ఆమె ఏదీ చెప్పేది కాదు, అడిగేది. కాయితం ముక్క మూల పట్టుకొని, "ఇది తొడుక్కుంటే ఈ మూల యాడికొస్తది?" అనేది. చెల్లె దూలాలు చూసేది. ఆపా ఆగేది. ఆ ఆగడం ఎంతసేపంటే, సూదిలో దారం ఎక్కించుకొని ఒక అంచంతా కుట్టేసేది. ఇంత తెలిసిన మనిషి పదేళ్ల పిల్లను ఎందుకు అడుగుతుంది? తెలియకనే అడుగుతున్నదేమో అని నేను అనుమానపడ్డాను. ఒకరోజు పట్టలేక "చంకలకు!" అని అరిచాను. ఆపా నోట్లోంచి గుండుసూదులన్నీ తీసి అరచేతిలో పెట్టుకుంది. అట్లా తీయడం అప్పుడే మొదటిసారి చూశాను.

"నక్కో బేటా. నువ్వు చెప్పకు. దాని తలకాయ నడుస్తున్నది, అడ్డం పోవద్దు."

"గది మస్తు సేపు చేస్తది ఆపా."

"చెయ్యనీ. నాకేం తొందర లేదు. నీకు కైకు?"

నా ముఖం మాడిపోయింది. నేను చెప్పింది తప్పు కాదు కదా, అది చంకలోకే వస్తుంది కదా! నాకూ కాయితాలు ఇచ్చేది ఆమె. నేను చకచకా కోసి ముందు పెట్టేదాన్ని. అది తప్పయితే ఇంకోటి ఇంకా చకచకా కోసేదాన్ని. "ఎందుకట్ల కోసినవ్?" అని అడిగేది. నాకు ఎందుకో తెలిసేది కాదు. నేనంటే ఆమెకు పడదని నిశ్చయించుకున్నాను.

ఒకసారి చెల్లె కాయితంతో పూర్తి కుర్తా కోసింది. కుట్టు బదులు మైదాపిండి జిగురుతో అంటించింది. అందులో తప్పుందని నాకే కనిపిస్తున్నది. ఆపా మాత్రం తప్పని అనలేదు. "తొడుక్కో" అన్నది. చెల్లె తొడుక్కుంది. "చేతులు లేపు" అన్నది. లేపబోతే చంక దగ్గర కాయితం పర్రున చినిగింది. నేను పగలబడి నవ్వాను. చెల్లె నవ్వలేదు, ఏడవలేదు. చినిగిన చోటు వేలితో తడుముతూ దూలాల వంక చూసి, చూసి, "ఈడ ఒక ముక్క తక్కువున్నది ఆపా. చదరపుది ఒకటి పెట్టాలె" అన్నది. ఎవరూ అందించకుండా అది అంత మాట మాట్లాడటం అప్పటిదాకా నేను వినలేదు. ఆపా తల ఊపి "హౌ" అన్నది. ఆ రోజు అమ్మకు నేను చెప్పింది ఇంతే: "కాయితం చొక్కా తొడిగించి దాన్ని నవ్వులపాలు చేసింది." చదరపు ముక్క సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పుడే నాకు తెలుసు, తెలియదని ఇప్పుడు బుకాయించను.

రెండేళ్లలో చెల్లె మారింది. బాపు దుకాణంలో గుడ్డల తాను విప్పుతుంటే పక్కన కూచొని, ఇందులో పిల్లలవి ఎన్ని కుర్తాలొస్తాయో చెప్పేది. బాపు మురిసిపోయేవాడు. అమ్మకు మాత్రం భయం పట్టుకుంది. "పిల్ల గింత మారిందంటే ఆ పండ్లల్ల ఏదో పెట్టింది" అని మైసమ్మ గుడి నుంచి నల్లదారం తెచ్చి దాని చేతికి కట్టింది. నా చేతికి కట్టలేదు. నేనేం మారలేదు కాబట్టి కాబోలు.

ఇక మఖ్మల్ రోజు గురించి చెప్పాలి. ఒక దేవ్‌డీలో చిన్నపాపకు బిస్మిల్లా, అంటే చదువు మొదలుపెట్టించే వేడుక. దానికోసం ఊదారంగు మఖ్మల్ పంపారు, నిండు చేతుల కుర్తీకి. బట్ట సరిగ్గా సరిపోయేంతే ఉంది, వేలెడు ఎక్కువ లేదు. మఖ్మల్ గుడ్డ మీది మెత్తటి నూగుకు ఒక దిక్కు ఉంటుంది. ఒకవైపు నిమిరితే నున్నగా, ఎదురు నిమిరితే గరుకుగా తగులుతుంది. అన్ని ముక్కలూ ఒకే దిక్కుకు కోయాలి. ఒక్క ముక్క తలకిందులైతే, వెలుతురులో అది వేరే రంగు గుడ్డలా కనిపిస్తుంది. చెల్లెకు ఈ సంగతి ఆపా నోటితో చెప్పలేదు. చిన్నచిన్న ముక్కలిచ్చి, నెలలపాటు నిమరనిచ్చి, దానితోనే చెప్పించింది.

ముందు వీపు, రొమ్ము ముక్కలు ఇద్దరూ కలిసి కోశారు. కుర్తీ చెయ్యి ఒకటి కోశారు. ఆపా కత్తెర చెల్లె ముందు పెట్టి లేచింది. "రెండోది నువ్వు" అని చెప్పి వంటింట్లోకి పోయింది. బట్ట మీద ఒక్క చుక్క లేదు.

నాకు ఒళ్లంతా అనుమానమైంది. రెండేళ్ల నుంచి దీనికోసమే చూస్తున్నది ఈమె అనుకున్నాను. తను లేనప్పుడు చెడిపోతే, ఈ తెలుగు పిల్ల చెడగొట్టిందని దేవ్‌డీలో చెప్పుకోవచ్చు! వంటింటి గుమ్మం కూడా కనబడేలా లేచి తఖ్త్‌కు అవతలివైపు, చెల్లెకు ఎదురుగా కూచున్నాను. చెల్లె మఖ్మల్‌ను చేతి వెనకవైపుతో నిమిరింది. రెండో చేతికి కావాల్సినట్టు, చెయ్యి ఆకారం కోసిన కాయితాన్ని బోర్లా తిప్పింది. దూలాలు చూసింది. కాయితాన్ని బట్ట మీద పెట్టి సూదులు గుచ్చింది. నా కండ్లకు అది తలకిందులుగా కనిపించింది.

"ఉల్టా పెట్టినవే. తిప్పు" అన్నాను, వంటింట్లోకి వినబడకుండా.

"కాదక్కా..."

"నాకు కనబడ్తలేదా? తిప్పు జల్ది, ఆమె వస్తది."

చెల్లె నా ముఖం చూసింది. సూదులు తీసి, కాయితాన్ని తలా కిందా మార్చింది. కోసింది. ఎంత బాగా కోసిందంటే ఒక్క దారం పోగు కూడా పక్కకు పోలేదు. ఎదురుగా కూచున్న నాకు సరైనది తలకిందులుగానే కనిపిస్తుందని, అంత గడుసుదాన్నైన నాకు తట్టలేదు.

ఆపా వచ్చి కుర్తీ చేతులు రెండూ తీసుకొని వాకిట్లో వెలుతురుకు పట్టింది. ఒకటి ఊదాగా ఉంది, రెండోది బూడిద చల్లినట్టు వెలవెలబోయి ఉంది. నోట్లోంచి సూదులు తీసింది. తిట్టలేదు.

"ఎట్లనుకొని పెట్టినవ్ బిడ్డా?"

చెల్లె నా వంక చూసింది. నేను మా చెంబు వంక చూశాను. చెల్లె ఎటు చూసిందో ఆపా చూసింది. నేను చెప్తానేమో అని కొంచెంసేపు ఆగింది కూడా, చెల్లె కోసం ఆగినట్టే. నేను చెంబు మూత సరిచేశాను. ఆమె సూదులు మళ్లీ నోట్లో పెట్టుకుంది.

ఇంటికి పోయి అమ్మకు చెప్పాను. "మఖ్మల్ ఖరాబైంది. ఆపా కావాల్నని చెల్లెను ఒక్కదాన్నే ఇడిశిపెట్టి పోయింది." అమ్మ రెండేళ్లుగా ఎదురుచూస్తున్న మాట అది. మర్నాటి నుంచి మమ్మల్ని పంపలేదు. తన చెయ్యే తప్పిందని ఆపా దేవ్‌డీలో చెప్పుకుందని, వాళ్లు మళ్లీ ఆమెను పిలవలేదని తర్వాత తెలిసింది. "తప్పు తనదేనని ఒప్పుకున్నదంటే ఇంకేదో పెద్దది దాస్తున్నట్టే" అన్నది అమ్మ.

పదిహేను రోజులకు ఆపా మా గడపలోకి వచ్చింది. ఎవరింటికీ అడగడానికి పోని మనిషి. ముఖం మీది నఖాబు పైకెత్తి నిలబడే మాట్లాడింది.

"చిన్నదాన్ని పంపు అక్కా. ఇంకో ఆర్నెల్లు పంపు, చాలు. గిప్పుడు ఆపితే దాని మనసుల బెదురు ఉండిపోతది."

"ఏందీ, నీ మఖ్మల్ మా పిల్ల నెత్తిన పెట్టనీకి వచ్చినవా?"

"మఖ్మల్ నాది. దాని ఫికర్ నాది. పిల్లది తప్పు లేదు."

"మరి ఎవరిది?"

నేను తలుపు చాటున ఉన్నాను. ఆపా అమ్మ భుజం మీదుగా నా వంకే చూసింది. చెప్తుందనుకున్నాను. చెప్తే అబద్ధమని అరవడానికి గొంతు కూడా సవరించుకున్నాను. ఆమె నఖాబు దించుకొని వెళ్లిపోయింది. దానికి కూడా నేనామెను తిట్టుకున్నాను. ఎందుకు చెప్పలేదు? ఏదో ఒకరోజు నన్ను పట్టుకోవడానికి దాచి ఉంచిందా? నా పెండ్లిలో కూడా ఆమె వచ్చి చెప్తుందేమోనని గుమ్మం వంక చూస్తూ కూచున్నాను. ఎన్నేళ్లు గడిచినా ఆమె ఎవరికీ చెప్పలేదు.

చెల్లె మళ్లీ కత్తెర పట్టలేదు. అదొక్కటే అయితే నాకు ఇంత బాధ ఉండేది కాదు. దూలాలు చూడటం మానేసింది. ఎవరేం అడిగినా నా ముఖం చూసేది, నేను చెప్పేదాకా. పెండ్లిచూపుల్లో పిల్లవాడు నచ్చాడా అని బాపు అడిగితే కూడా నన్నే చూసింది. నచ్చాడని నేనే చెప్పాను.

గాజులామె వెళ్లిపోయాక చెల్లె లేచింది.

"నేను పోయొస్తా అమ్మా."

"యాడికి?"

"ఆపాను చూడనీకి."

"పిచ్చిలేసిందా? ఆషాఢంల కొత్త పెండ్లికూతురు చావింటికి పోతదా? అందుల ఈ రోజులు ఎట్లున్నయో చూస్తలేవా, మనోళ్లు, ముసల్మానులు ఒకరి గల్లీల ఒకరు అడుగు పెడుతున్నరా? నిన్ను ముందు పెట్టి బట్ట ఖరాబు చేసిన మనిషికి కడసారి చూపు ఒకటా!"

చెల్లె నా వంక తిరిగింది. పో అంటే పోతుంది, వద్దంటే కూచుంటుంది. నాకు అప్పుడు నా మీద అసహ్యం పుట్టింది. పో అని కూడా అనలేకపోయాను. పో అన్నా మళ్లీ దాని జవాబు నేనే చెప్పినట్టు, అందుకే నా మాట నేను చెప్పాను.

"అమ్మా, ఆ దినం మఖ్మల్ మీద కాయితం తిప్పించింది నేను. చెల్లె సరిగ్గనే పెట్టింది. ఆపా తప్పు లేదు, దీని తప్పు లేదు. ఆపాకు తెలుసు. నన్ను బయట పెట్టలే."

అమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. నమ్మినట్టు లేదు. కండ్లు చిన్నవి చేసి గొంతు తగ్గించింది.

"ఇన్నేండ్లకు గుర్తొచ్చిందా నీకు? గీ మాట నీకు ఎవరు నేర్పిన్రు? ఆమె తరఫోళ్లు ఎవరన్న సైదాబాద్ వచ్చి నిన్ను కలిసిన్రా?"

ఈసారి నేను చెల్లె ముఖం చూశాను. అమ్మ అట్లాగే చూస్తున్నది, ఏదో కుట్ర పట్టుకున్నట్టు.

"ఎవరు నేర్పలే అమ్మా" అన్నది చెల్లె. "నేను ఆడనే ఉన్న గద. సరిగ్గనే పెట్టిన్నని నాకు ఎరుకే. అక్క తిప్పమన్నది, తిప్పిన. తిప్పొద్దుండె."

కొంగు నిండుగా కప్పుకొని గల్లీలోకి దిగింది. అమ్మ వెనకనుంచి పిలుస్తూనే ఉంది. నేను కూడా లేచి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను, రమ్మంటుందేమోనని. అది నన్ను రమ్మని అడగలేదు.